పచ్చి బొమ్మ, దిద్దిన బొమ్మ

ఊపిరితిత్తుల డాక్టరు పని ముప్పావు వంతు కఫం. మిగతా పావు వంతు సిగరెట్లు మానమని చెప్పడం, చెప్పినా మానని మనిషిని మళ్లీ చూడటం. ఈ సంగతి ముందే చెప్పేస్తే సగం మంది పిల్లలు చర్మవ్యాధుల సీటు కోసం పరిగెడతారని కాబోలు, మా రోజుల్లో ఎవరూ చెప్పేవారు కాదు. నేను రిటైరయ్యాను, నాకిక ఎవరి భయమూ లేదు, చెబుతున్నాను.

నా ఉద్యోగమంతా బెజవాడలోనే గడిచింది. మొదట ప్రభుత్వాసుపత్రి, చివరి కొన్నేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రి. దాని పేరు రాయను, రాసినా మీకు ఒరిగేదేమీ లేదు. ప్రమోషన్లు, బదిలీలు, కప్పించుకున్న శాలువాల సంగతీ రాయను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీ చేతికి రేపు ఒక పరికరం వస్తుంది. అది నా ఉద్యోగం చివరి రోజుల్లోనే మా ఆసుపత్రికి వచ్చింది. దానితో మాకేం జరిగిందో రాస్తాను. బాగా ముగిసిన కేసులు నాకూ ఉన్నాయి కానీ, వాటి గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు.

గొట్టంలో నల్లచుక్కలు

నేను పని నేర్చుకున్నప్పుడు తెర లేదు. ముక్కులోంచో నోట్లోంచో గొట్టాన్ని ఊపిరితిత్తుల్లో చెట్టు కొమ్మల్లా చీలే గాలిదారుల దాకా దించి, దాని పై కొసకు కన్ను ఆనించి చూడాలి. గొట్టం నిండా వెంట్రుకల్లాంటి గాజుపోగులు ఉండేవి. ఒక్కో పోగు లోపలి నుంచి ఒక్కో చుక్క వెలుగు తెస్తుంది, ఆ చుక్కలన్నీ కలిస్తే బొమ్మ. గొట్టాన్ని మొరటుగా మడిచినా, మత్తులో రోగి కొరికినా కొన్ని పోగులు తెగిపోయేవి. పోగు తెగిన చోట బొమ్మలో నల్లచుక్క పడేది. మా ప్రభుత్వాసుపత్రి గొట్టంలో ఆవాలు చల్లినట్టు ఉండేవి ఆ చుక్కలు.

మా డిపార్ట్‌మెంటు పెద్దాయన మహా కోపిష్టి. కోపమొస్తే స్టీలు ట్రే నేలకేసి కొట్టేవాడు, ఆ చప్పుడుకి బయట వరండాలో రోగులు దగ్గడం కూడా మానేసేవారు. మేం గొట్టం బయటికి తీశాక "ఏం కనబడింది?" అని ఆయన అడిగేవాడు కాదు. "ఏం కనబడలేదు?" అని అడిగేవాడు.

"కుడివైపు పై కొమ్మలో, చుక్క వెనక ఏముందో కనబడలేదు సార్" అంటే "సరే, మళ్లీ దించు" అనేవాడు. "అంతా బాగుంది సార్" అంటే మాత్రం ట్రే ఎగిరేది. గొట్టాన్ని కాస్త తిప్పితే నల్లచుక్క పక్కకి జరిగి దాని వెనకున్నది బయటపడుతుంది, అంతే విద్య. ఆ దిక్కుమాలిన గొట్టానికి ఒక మంచి గుణం ఉండేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తను చూడలేని చోట, చూడలేకపోయానని నల్లగా చెప్పేసేది.

రీఫిల్ కంటే సన్నం

ప్రైవేటు ఆసుపత్రిలో మా చీఫ్ నాకంటే వయసులో చిన్నవాడు. చెయ్యి మంచిది, మనిషీ మంచివాడే. కొత్త యంత్రం అంటే మాత్రం ఆగలేడు. ఒక రోజు శ్రీకర్ అనే కంపెనీ ఇంజనీరును వెంటబెట్టుకుని నా గదికి వచ్చి, బల్ల మీద ఒక తీగ పెట్టాడు. బాల్ పెన్ రీఫిల్ కంటే సన్నంగా ఉంది. దాని కొసన దీపం, కెమెరా, లెన్స్ అన్నీ ఉన్నాయట. కళ్లజోడు సర్దుకుని చూశాను, నాకేమీ కనబడలేదు.

"లెన్స్ ఏదయ్యా?" అన్నాను.

"కనబడకపోవడమే దాని గొప్ప మేడం," అని నవ్వాడు శ్రీకర్.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మామూలు లెన్స్ ఉబ్బుగా ఉంటుంది, ఆ ఉబ్బే వెలుగును వంచుతుంది. ఉబ్బు ఉన్నంతకాలం గొట్టం ఒక హద్దు దాటి సన్నబడదు. ఈ కొత్త లెన్స్ చదును. పల్చటి గాజుపలక మీద కంటికి ఏమాత్రం ఆననంత సన్నటి స్తంభాలు లక్షల్లో నిలబెడతారు, వెలుగును వంచే పని అవి చేస్తాయి. దాంతో గొట్టం కొస చిన్నదైపోయి, ఊపిరితిత్తుల్లో మన పాత గొట్టాలు దూరలేని సన్నటి కొమ్మల దాకా వెళ్తుంది. చూడటానికి మాత్రమే సుమా, పరీక్షకు ముక్క తీయడానికి అందులో దారి లేదు.

చిక్కేమిటంటే ఆ లెన్స్‌లో ఎరుపూ నీలమూ ఒకేచోట కుదురుగా పడవు. బొమ్మ అలుక్కుపోతుంది, అంచులకు రంగులు కారతాయి. అందుకని వెనక ఏఐ పెట్టారు. అలుక్కుపోయిన బొమ్మనూ, దాని అసలు బొమ్మనూ జతలు జతలుగా చూపించి, ఇలా అలుక్కుపోయి ఉంటే అసలు ఇలా ఉండి ఉంటుంది అని దానికి నేర్పారు. కెమెరా తెచ్చేదాన్ని మేం పచ్చి బొమ్మ అనేవాళ్లం, ఏఐ సరిచేసి ఇచ్చేదాన్ని దిద్దిన బొమ్మ అనేవాళ్లం. మొదట్లో తెరమీద రెండూ పక్కపక్కనే వచ్చేవి. పచ్చిది మసకమసకగా ఏడుస్తుంటే, దిద్దినది పెళ్లి ఫొటోలా నిగనిగలాడేది.

అది పనికిరాదని నేననను. వచ్చిన కొత్తలోనే కైకలూరు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఎంతకీ తగ్గని దగ్గు, టీబీ కాకపోయినా టీబీ మందులు మింగించారు. ఈ తీగ సన్నటి కొమ్మలోకి వెళ్లి, అక్కడ ఇరుక్కుని ఉన్న వక్కముక్కను చూపించింది. ఎప్పుడో కిళ్లీ నములుతూ పొలమారినప్పుడు లోపలికి జారిందన్నమాట. సర్జన్ చేత తీయించాం, దగ్గు పోయింది. ఆవిడ మా చీఫ్‌కి వార్డులోనే దిష్టి తీసింది. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో అందరికీ ఆ తీగ మీద గురి కుదిరింది. నాక్కూడా.

తెర అటు తిప్పడం

మన వైపు ఒక అలవాటుంది. రోగితో పాటు నలుగురు వస్తారు, ఆ నలుగురికీ కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదు. అందుకని గొట్టం వేశాక బంధువులను లోపలికి పిలిచి, తెర వాళ్ల వైపు తిప్పి "ఇదిగో చూడండి" అంటాం. తర్వాత ఆ వీడియో వాళ్ల ఫోన్లోకి ఎక్కిస్తాం. వాళ్లు బస్సెక్కేలోపే అది ఊళ్లో అందరికీ చేరిపోతుంది. నేనూ ఎన్నోసార్లు తిప్పాను. అది మంచి అలవాటే అని ఇప్పటికీ అంటాను, దాచే డాక్టరు కంటే చూపించే డాక్టరు నయం.

కానీ ఈ కొత్త తీగతో తెర తిప్పితే గొడవయ్యేది. రెండు బొమ్మలూ పక్కపక్కన చూసి బంధువులు బెంబేలెత్తేవారు. "ఇదేంటండీ ఇట్టా ఉంది, లోపలంతా కుళ్లిపోయిందా?" అని ఒకాయన పచ్చి బొమ్మకేసి వేలు చూపించి గోల చేశాడు. ఇంకొకావిడ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. అది కెమెరా తెచ్చిన మసక, జబ్బు కాదు అని ఒక్కొక్కరికీ చెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చేది. చీఫ్ విసిగిపోయి శ్రీకర్‌ని పిలిచాడు.

"ఆ పాడు బొమ్మ తెరమీదికి రాకుండా తీసెయ్యి. దాంతో మనకేం పని?"

శ్రీకర్ నసిగాడు. నేను వద్దన్నాను. "పచ్చిది మనం చూడాలి డాక్టర్ గారూ. వాళ్లకు చూపించకపోతే మానె," అన్నాను.

"ఉన్నది ఒకటే తెర మేడం. మనం చూసేదే వాళ్లూ చూస్తారు. వాళ్లను బయటే నిలబెడదామా మరి?" అన్నాడు చీఫ్.

బయట నిలబెడితే ఏదో దాస్తున్నారని అనుమానం. అదీ నిజమే. ఆ పూటే పచ్చి బొమ్మ మా తెరమీద నుంచి పోయింది. కంపెనీవాళ్ల కంప్యూటర్లకు మాత్రం వెళ్తూ ఉండేది, వాటిని హైదరాబాదులో దాచేవారు. బంధువులను ఆ గదిలోకి రానివ్వని ఆసుపత్రుల్లో ఈ తప్పు జరగడానికి వీల్లేదు. మనం నలుగురికీ చూపించే మనుషులం కాబట్టి, చూడటానికి బాగున్నదే ఉంచుకున్నాం.

రత్నరాజు

రత్నరాజు ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసేవాడు. నలభై దాటిన మనిషి, నవ్వుముఖం. "హైవే మీద మీ కారు ముందు పోయే లారీకి నెమలి ఉంటే, దాని కన్ను చూడండి మేడం గారూ. మిమ్మల్నే చూస్తుంటే అది నా చెయ్యే," అనేవాడు. స్ప్రే కొట్టేటప్పుడు ముక్కుకి అడ్డం పెట్టుకోమంటే ఉక్కపోస్తుందనేవాడు. కఫంలో రక్తపు చార కనబడి నా దగ్గరికి వచ్చాడు. సీటీ తీయిస్తే ఎడమ ఊపిరితిత్తి పై భాగంలో చిన్న నీడ ఉంది.

భార్య కరుణ, అక్క సుశీల వెంట వచ్చారు. గుణదలలో ఒకే ఇంట్లో ఉంటారు. తల్లి చిన్నప్పుడే పోతే రత్నరాజును పెంచింది సుశీలే. కరుణ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నెమ్మది మనిషి, ఏది అడగాలన్నా ముందు ఆడపడుచు ముఖం చూసి అడిగేది.

తీగ వేసింది చీఫ్. నేను పక్కనే నిలబడ్డాను. నీడ ఉన్న చోటికి తీగ కొస చేరింది. తెరమీద గులాబీ రంగు గోడ, దానిమీద సన్నటి ఎర్రటి నరాలు, ఎక్కడా మచ్చ లేదు. చీఫ్ ఊపిరి పీల్చుకుని ఆడవాళ్లిద్దరినీ పిలిచి తెర తిప్పాడు.

"చూడండమ్మా, అద్దంలా ఉంది."

సుశీల "స్తోత్రం ప్రభువా" అని చేతులెత్తింది. కరుణ ఏడ్చేసింది. రత్నరాజుకు మత్తు దిగాక అతనికీ చూపించారు. అప్పుడు నేను కల్పించుకున్నాను.

"బొమ్మ బాగుంది, సంతోషమే. కానీ సీటీలో నీడ ఉంది కదమ్మా. అదేమిటో తేలాలంటే వీపులోంచి సూది వేసి చిన్న ముక్క తీయాలి."

కరుణ ముఖం మారిపోయింది. "ముక్క తీస్తే పాకుద్దంటగా మేడం గారూ. మా చిన్నాన్నకి అట్టాగే తీశారు, నెల తిరక్కుండానే పోయాడు."

ఈ మాట మీకు వారానికొకసారైనా వినబడుతుంది. నవ్వకండి. ముదిరిపోయాకే ఆసుపత్రికి రావడం, వచ్చాక ముక్క తీయడం, ఆ తర్వాత పోవడం, ఇదే వరసలో వాళ్లు చూస్తారు. చూసినదాన్ని బట్టి అనుకుంటారు. నేను చాలాసేపు చెప్పాను. ముక్క తీస్తే పాకదన్నాను, అప్పటికే పాకి ఉన్నది అప్పుడు బయటపడుతుందన్నాను. చివరికి విసుగొచ్చి, "రేపు బాధపడేది నువ్వేనమ్మా" అని కూడా అన్నాను. సుశీల ఆ మాట విన్నది.

కరుణ తెరవైపు చెయ్యి చూపించింది. "మీరే చూపించారుగా మేడం గారూ, శుభ్రంగా ఉందని. శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకండీ కెలకడం?"

చీఫ్ అందుకున్నాడు. "మేడంకి కాస్త జాగ్రత్త ఎక్కువ. అది పాత టీబీ మచ్చ కావచ్చు. మూడు నెలలు ఆగి సీటీ మళ్లీ తీద్దాం, అప్పటికీ పెరిగితే చూద్దాం." అది మరీ తప్పు సలహా ఏం కాదు, చిన్న నీడలకు అలా ఆగడమూ ఉంది. రత్నరాజు భార్యకేసి చూసి "నువ్వెట్టా అంటే అట్టా" అన్నాడు. ఆమె వద్దంది.

మూడు నెలలకు అతను రాలేదు. నర్సు చేత ఫోన్ చేయించాను. "నాకేమైందండీ, వీడియో ఉందిగా," అన్నాడట. ఆ వీడియో షెడ్డులో అందరికీ చూపించి, ఇన్నేళ్లు రంగులు పీల్చినా నా లోపల ఎంత శుభ్రంగా ఉందో చూడండ్రా అని మురిసిపోయేవాడట.

బొంగురు గొంతు

చివరికి ఒక రోజు నా గది తలుపు దగ్గర నిలబడి "మేడం గారూ" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. గొంతుపెట్టెకు వెళ్లే నరం ఒకటి ఎడమవైపు ఛాతీలోకి దిగి, గుండె పైనుంచి చుట్టి తిరిగొస్తుంది. గడ్డ పెరిగి దాన్ని నొక్కితే గొంతు ఇలా మారుతుంది. అతను కుర్చీలో కూర్చోకముందే నాకు తెలిసిపోయింది.

"చల్లటి నీళ్లు మానమంటే మానడండీ, అందుకే," అంది పక్కనున్న కరుణ.

ఈసారి ముక్క తీస్తామంటే ఎవరూ వద్దనలేదు. కాన్సర్. అదే చోట మొదలై, గుండె పక్క గ్రంథులకూ ఎముకలకూ పాకింది. ఆపరేషన్ దశ దాటిపోయింది. ఆ వారంలోనే నేను చీఫ్‌ని అడిగాను, మొదటిసారి తీగ వేసినప్పటి పచ్చి బొమ్మ తెప్పించమని. "ముందు వైద్యం చూద్దాం మేడం, బొమ్మ ఎక్కడికి పోతుంది?" అన్నాడు. శ్రీకర్‌ని అడిగాను. కంపెనీలో ఆయన్ని అడగాలి, ఈయన ఒప్పుకోవాలి అంటూ అతనూ రోజులు గడిపాడు. వెంటపడ్డాను, ఆసుపత్రి లెటర్ కావాలన్నారు, ఆ లెటర్ చీఫ్ బల్లమీద పడి ఉంది.

ఈలోపు వార్డులో నాకు దక్కిన మర్యాద చెప్పాలి. రత్నరాజు చుట్టాలు వచ్చినవాళ్లు వచ్చినట్టు నాకు దణ్ణం పెట్టేవారు. "మీరు చెప్పిందే నిజమైంది మేడం గారూ." సుశీల వరండాలో అందరి ముందూ అనేది, "మేడం గారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. రేపు బాధపడతావే అని కూడా అన్నారు. ఇది వింటేగా! నా తమ్ముణ్ని చేతులారా చంపుకుంది."

కరుణ టిఫిన్ గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లిపోయేది. అలా అనకూడదని నేను సుశీలను మందలిస్తే నా ఎదుట ఊరుకునేది, నేను మలుపు తిరగగానే మళ్లీ మొదలు. ఇంటిల్లిపాదీ అదే నమ్మారు. అందరికంటే ముందు కరుణే నమ్మింది. జబ్బుమనిషికి అన్నం కలిపి పెడుతూ కూడా అతని ముఖంలోకి చూసేది కాదు. ఆమె తప్పేమీ లేదు, మేం చూపించిన బొమ్మే తప్పు అని చెప్పడానికి నా దగ్గర అనుమానమే తప్ప ఆధారం లేదు. నేను గెలిచిన డాక్టర్నయి ఆ వార్డులో తిరుగుతుంటే నామీద నాకే రోత పుట్టేది.

కీమో పూర్తి కాకుండానే రత్నరాజు పోయాడు.

తెలియని చోట

అతను పోయాక శ్రీకర్ పచ్చి బొమ్మ పట్టుకొచ్చాడు. చీఫ్, నేను, అతను ముగ్గురమే గదిలో కూర్చున్నాం. పచ్చిదీ దిద్దినదీ పక్కపక్కన పెట్టి తీగను మెల్లగా ముందుకు నడిపించాడు. చాలాదూరం రెండూ ఒకటే, ఒకటి మసక, ఒకటి స్పష్టం. నీడ ఉన్న చోటికి వచ్చేసరికి పచ్చి బొమ్మలో గోడ రంగు మారింది. బూడిద రంగు, గరుకు, నరాలు తెగి చిందరవందరగా ఉన్నాయి. దిద్దిన బొమ్మలో అదే చోట గులాబీ రంగు గోడ, సన్నటి ఎర్రటి నరాలు.

చీఫ్ ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఆ నరాలు ఎక్కడివి?" అన్నాను.

"దానికి చూపించిన బొమ్మల్లో బాగున్న ఊపిరితిత్తులే ఎక్కువ మేడం. జబ్బువి ఉన్నాయి గానీ, పెద్దపెద్ద గడ్డలు. ఇట్టా అప్పుడే మొదలైన మచ్చలు దాదాపు లేవు. ఇక్కడ ఏముందో దానికి తెలియలేదు. తెలియని చోట తెలిసినదాన్ని పెట్టింది."

"తెలియకపోతే తెలియదని చూపించొచ్చుగా?"

శ్రీకర్ తల దించుకున్నాడు. "అట్టా చూపించడం మేం నేర్పలేదు మేడం. బొమ్మ బాగా రావడమే నేర్పాం."

నిజం చెప్పాలంటే ఆ పచ్చి బొమ్మ ఒక్కటే చూసి అది కాన్సర్ అని నేనూ తేల్చి ఉండేదాన్ని కాదేమో. కానీ అద్దంలా ఉందని మాత్రం ఎవరూ అని ఉండేవారు కాదు. కరుణ దాన్ని చూసి ఉంటే భయపడి తానే ముక్క తీయించేది. చిన్నగా ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తే అతను బతికేవాడేమో. ఏమో అనే అంటున్నాను, అంతకు మించి అనే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత తెరమీదికి పచ్చి బొమ్మ తిరిగి వచ్చింది. యంత్రానికి నమ్మకం లేని చోట బూడిద రంగు గళ్లు పడేలా శ్రీకర్ మార్పించాడు. మీ చేతికి వచ్చేసరికి అది ఇంకా మెరుగుపడుతుంది. అయినా పచ్చిది చూడకుండా సంతకం పెట్టకండి. బంధువులు బెదిరితే బెదరనివ్వండి, కూర్చోబెట్టి చెప్పండి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే కొంప మునగదు.

కరుణకు చెబుదామన్నాను. చీఫ్ ఒప్పుకోలేదు.

"ఆయన పోయాడు మేడం. ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తాం? రేపటి నుంచి ఊళ్లో ఒక్కడు గొట్టం వేయించుకోడు. నిజంగా అవసరమున్నవాళ్లు చస్తారు."

ఆయన మాటలో కొంత న్యాయం ఉందని నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో ఒక మనిషి నలిగిపోతోందని ఆయనకు తెలియదు, ఆయన వరండాలో నిలబడి వినలేదు. ఉద్యోగం ఎలాగూ ముగియవచ్చింది. నేను చెబుతాననే అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. రిటైరయిన రోజు కూడా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఆదరణ కూడిక

క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయాక ఆదరణ కూడిక పెడతారు. చుట్టాలూ సంఘంవాళ్లూ చేరి ప్రార్థన చేసి, పోయినవారి గురించి తలా రెండు మాటలు చెబుతారు. సుశీల స్వయంగా వచ్చి నన్ను పిలిచింది. కరుణను పక్కకు తీసుకెళ్లి చెప్పి వచ్చేద్దామనుకుని వెళ్లాను. ఇంటి ముందు షామియానా వేశారు, కుర్చీలన్నీ నిండిపోయాయి. కరుణ ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని.

పాటయ్యాక సుశీల లేచింది. తమ్ముడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడో, తాను ఎత్తుకుని ఎలా తిప్పిందో చెప్పి ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగింది. "ఇదిగో డాక్టరమ్మ గారు కూడా వచ్చారు. ఈ తల్లి మాట విన్నట్లయితే ఈ రోజు ఈ కూడికే ఉండేది కాదు." అందరూ కరుణను చూశారు. పాస్టరు గారు ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "మేడం గారూ, మీరూ రెండు మాటలు చెప్పండి" అన్నారు.

లేచి నిలబడ్డాను.

"ఆ రోజు మేం తెరమీద చూపించింది పూర్తిగా రత్నరాజు ఊపిరితిత్తి కాదండీ," అన్నాను. "కెమెరా తెచ్చిన బొమ్మ మసకగా ఉంటే యంత్రం దాన్ని దిద్దుతుంది. జబ్బు ఉన్న చోట అది పొరబడి, బాగున్న ఊపిరితిత్తిని గీసి పెట్టింది. జబ్బు అక్కడే ఉంది, మాకే కనబడలేదు. మా పెద్ద డాక్టరు గారు కూడా ఆ బొమ్మనే నమ్మారు. కరుణ ఊరికే నా మాట కాదనలేదు, మేం చూపించిన దాన్ని నమ్మింది. ఎవరైనా నమ్ముతారు. ఆమె తప్పు లేదు."

వెనక వరసలోంచి ఒక పెద్దాయన, రత్నరాజుతో షెడ్డులో పనిచేసేవాడట, లేచి నిలబడ్డాడు.

"నా ఫోన్లో కూడా ఉందండీ ఆ వీడియో. అందులోది మావాడిది కాకపోతే ఎవరిదండీ మరి?"

"ఎవరిదీ కాదండీ," అన్నాను.

ఆయన కూర్చున్నాడు. సుశీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పాస్టరు గారు ప్రార్థన చేసి ముగించారు. మంచి పని చేశాననే అనుకున్నాను, ఆమె గుండెల మీది బరువు దించాననుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే కరుణ గేటు దగ్గరికి వచ్చింది.

"మీరు చెప్పింది నిజమేనాండీ? నా తప్పేం లేదా?"

"లేదమ్మా. ఏ కోశానా లేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేల చూస్తూ మెల్లగా అంది.

"పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకున్నాడండీ. గొంతు రావట్లా, అయినా కూడదీసుకుని, నిన్ను క్షమించాను కరుణా అన్నాడు. నేను తలూపాను. నేనే చంపానని అనుకునే పోయాడండీ ఆయన. ఇప్పుడు ఆయనకెవరు చెప్తారు?"

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసేసుకుంది.